టీచరమ్మ కోసిన పళ్లు

"నేరం చేసినవాడు భూమ్మీద ఏ మూల నక్కినా నా చూపు నుంచి తప్పించుకోలేడమ్మా. నిజం నన్ను చూస్తే తనంతట తనే బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడుతుంది," అన్నారు మా బావగారు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మా ఆఫీసు ప్రహరీ గోడ మీద, ఒక కాలు లోపల, ఒక కాలు బయట వేసుకుని కూర్చున్నారు. ప్యాంటు మేకుకి తగులుకుంది. టైము ఉదయం పదకొండు. గోడకి నాలుగడుగుల అవతల గేటు బార్లా తెరిచి ఉంది.

"గేటులోంచి రావచ్చు కదండీ," అన్నాను.

"గేటులోంచి అమాయకులు వస్తారు. నేను నేరస్తుడు వచ్చిన దారిలో వచ్చాను. ముందు ఈ ప్యాంటు విడిపించు."

విడిపించాను. మా అక్కయ్య మెళ్లో ఆయన తాళి కట్టిన రోజు నుంచీ ఆయన్ని ఏదో ఒకదాంట్లోంచి విడిపించడం మా ఇంటిల్లిపాదికీ అలవాటే.

బావగారు తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. చేతిలో పని లేని మనిషి చేతిలో అపరాధ పరిశోధన నవలలు పడ్డాయి. ఏడాది తిరిగేసరికి 'అపరాధ పరిశోధక శిఖామణి' అని కార్డు అచ్చేయించుకున్నారు. వీధిలోవాళ్లు మాత్రం ముద్దుగా 'ఆచూకీ' అంటారు. పక్కింటి పిల్లి తప్పిపోయినప్పుడు, అది తిరిగొచ్చాక కూడా రెండు వారాలు వెతికారు. తిరిగొచ్చింది మారువేషంలో ఉన్న వేరే పిల్లి అని ఆయన అనుమానం. ఎదురింటి డాబా మీద దుప్పటి మాయమైన కేసులో దొంగ గాలి అని తేలిపోయినా, గాలి వెనకున్న అసలు హస్తం కోసం ఆ ఫైలు ఇంకా మూయలేదు.

ఈసారి ఆయన మా ఆఫీసు మీద పడడానికి కారణం నేనే. నేను పనిచేసేది హెర్బేరియంలో. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకి అంటించి, పుట్టగొడుగుల్ని కాగితపు పొట్లాల్లో కట్టి, బీరువాల్లో దాచే చోటు అది. ఒక్కొక్కదానికీ ఒక నంబరు, ఒక రికార్డు కార్డు ఉంటాయి. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎక్కడ దొరికింది, దేని మీద మొలిచింది, అన్నీ అందులో రాసి ఉంటాయి. పందొమ్మిదేళ్లుగా ఆ కార్డులకి కాపలాదారుని నేను. నలభై వేల చచ్చిన మొక్కల పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలను కానీ మా వీధిలో సగం మంది పేర్లు చెప్పలేను.

ఊరి చివర ఒక పాత తోపు ఉంది. వందల ఏళ్ల చెట్లు. వాటిని కొట్టేసి రోడ్డు వేస్తామని కాగితాలు కదిలాయి. మా క్యూరేటర్ మేడమ్ అడ్డం పడింది. పళ్ల పుట్టగొడుగు అని ఒకటుంది. దానికి గొడుగు ఉండదు. కొమ్మలు కొమ్మలుగా చీలి, ఒక్కో కొమ్మ కింద దువ్వెన పళ్లలాంటి తెల్లటి పళ్లు బారులు తీరి వేలాడుతుంటాయి. బాగా ముదిరిన పాత చెట్లున్న చోటే అది బతుకుతుంది. ఆ తోపులో అది అరవై రెండేళ్ల కిందటే ఒక బడి టీచరమ్మకి దొరికినట్టు మా దగ్గర రికార్డు ఉంది. నంబరు 4417. ఆ రుజువు చూపిస్తే తోపుని ముట్టుకోరు.

"కార్డు ఒక్కటే చాలదు. వస్తువు కళ్లారా చూపించండి. గురువారం వస్తాను," అన్నాడు అటవీ అధికారి.

మేడమూ నేనూ బీరువా తెరిచాం. పొట్లం ఉంది. పొట్లంలో పుట్టగొడుగు లేదు.

సాయంత్రానికల్లా డైరెక్టరుగారి మెమో నా బల్ల మీద పడింది. నమూనా గల్లంతుకు నా మీద చర్య ఎందుకు తీసుకోకూడదో గురువారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. ఈ డైరెక్టరుగారే పదకొండేళ్లుగా, ఏటా, 'నమూనాలన్నిటినీ స్వయంగా విప్పి తనిఖీ చేశాను, అన్నీ సక్రమంగా ఉన్నవి' అని సంతకం పెడుతున్నారు. పదకొండేళ్లలో ఆయన బీరువాల గదిలోకి ఒక్కసారే వచ్చారు, అదీ బాత్‌రూమ్ అనుకుని. నిజం చెప్పాలంటే నా తప్పూ ఉంది. ఏటా నేను పొట్లాలు లెక్కపెట్టానే తప్ప విప్పి చూడలేదు.

నేనుండేది అక్కయ్యావాళ్ల మేడ మీద. ఆ సాయంత్రం మెట్ల మీద నిలబడి మేడమ్‌తో ఫోన్లో మాట్లాడాను. ఏడుపు గొంతుతో ఏమన్నానో నాకే గుర్తు లేదు. కింద బావగారు మాత్రం నోటుబుక్కులో పొల్లు పోకుండా రాసుకున్నారు. మర్నాడు గోడ దిగాక, మా ఆఫీసు చెట్టు కింద నిలబడి నాకే చదివి వినిపించారు.

"'అవును మేడమ్, టీచరమ్మ స్వయంగా కత్తితో కోసింది. కాగితంలో చుట్టి తెచ్చింది. పళ్లన్నీ అలాగే ఉండేవి. ఎండబెట్టి బీరువాలో పెట్టేశారు. అరవై ఏళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. ఇప్పుడు బయటపడితే నా ఉద్యోగం పోతుంది.' ఇవి నువ్వన్న మాటలేనా కాదా?"

"నేనన్నవే. కానీ అది పుట్టగొడుగు బావగారూ."

"సంకేత భాష. అర్థమైంది. బీరువా చూపించు."

"మనిషి కాదండీ. తోపులో మొలిచిన పుట్టగొడుగు."

"నిన్ను బెదిరించారు. ఎవరు బెదిరించారో ఇప్పుడే చెప్పక్కర్లేదు."

ఆయన్ని గేటు దగ్గరే ఆపితే నలుగురూ చూస్తారని లోపలికి తీసుకెళ్లాను. తలుపులోనే క్యూరేటర్ మేడమ్ ఎదురైంది. ఆవిడ నిన్నటి నుంచీ సరిగ్గా తిండి తినలేదు, ఎవరేమన్నా సగమే చెవికెక్కుతోంది.

బావగారు కార్డు చేతికిచ్చి గొంతు తగ్గించారు. "పన్ను విషయం మీద వచ్చాను."

"పన్నులు ఇక్కడ కట్టించుకోరండీ. పక్క బిల్డింగు," అని మేడమ్ కార్డు తిరిగిచ్చేసి వెళ్లిపోయింది.

"చూశావా, మాట ఎలా మార్చిందో," అన్నారు బావగారు, నోటుబుక్కులో ఆవిడ పేరు కింద గీత గీస్తూ.

జేబులోంచి టేపు తీసి బీరువా కొలిచారు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఊరికే పోలేదు, కొలత దగ్గర మనిషిని తప్పు పట్టలేం. "మీటరు ఎనభై రెండు. మనిషి పడతాడు." తర్వాత పొట్లం కొలిచారు. "పద్నాలుగు సెంటీమీటర్లు." కాసేపు ఆలోచించారు. "ముక్కలుగా పడతాడు."

నేను రికార్డు కార్డు ఆయన ముందు పెట్టాను. అది చదివితే విషయం తేటతెల్లమవుతుందని నా ఆశ. బావగారు భూతద్దం పెట్టి పైకి చదివారు.

"సేకరించినది, టీచరమ్మ. చోటు, పాత తోపు, వాగు ఒడ్డు. చచ్చి పడివున్న స్థితిలో... పళ్లు తెల్లవి, పొడవు ఒక సెంటీమీటరు. కోసినప్పుడు తాజాగా, మెత్తగా ఉంది. వాసన..." ఆయన ఆగారు. "వాసన, బాగుంది."

భూతద్దం బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"క్రూరత్వానికి ఒక హద్దుండాలమ్మా."

"చచ్చి పడివున్నది చెట్టండీ. అక్కడ రాసుంది చూడండి, 'చెట్టు మొద్దు' అని."

"ఆ రెండు మాటలు తర్వాత చేర్చినవి. సిరా రంగు వేరు."

సిరా రంగు వేరన్న మాట నిజమే. టీ చుక్క పడింది. నాదే.

టీచరమ్మ బతికే ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. కనిపెట్టింది బావగారే, ఆ గొప్ప ఆయనకే దక్కాలి. కనిపెట్టిన పద్ధతి ఏమిటంటే, పాత బడికి పోయి హంతకురాలి ఇల్లెక్కడని అడిగారు. వాళ్లు ఎవరన్నారు. ఈయన కార్డులోని పేరు చెప్పారు. మూడో వీధి, నీలం తలుపు అన్నారు.

ఎనభై నాలుగేళ్ల మనిషిని ఈయన ఏం చేసి భయపెడతారోనని బుధవారం సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను. రెండు గదుల ఇల్లు. గోడ పొడవునా గాజు సీసాలు, వాటిలో గింజలు, ఆకులు, ఎండిన కాయలు. ప్రతి సీసా మీదా గుండ్రటి అక్షరాలతో చీటీ. మధ్యలో ఒక పాత బడి బల్ల. దాని వెనక, చిన్న మనిషి, వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని మా ఇద్దర్నీ ఆలస్యంగా క్లాసుకొచ్చిన పిల్లల్ని చూసినట్టు చూసింది.

"కూర్చోండి. కాళ్లూపకండి."

బావగారు కాళ్లు ఊపడం ఆపి మొదలుపెట్టారు. "అరవై రెండేళ్ల కిందట పాత తోపుకి వెళ్లారా?"

"వెళ్లాను. ఆ యేడు వర్షాలు బాగా పడ్డాయి."

"ఒంటరిగానా?"

"అలాంటి పనికి తోడెందుకు నాయనా. మాట్లాడేవాళ్లుంటే దృష్టి చెదిరిపోతుంది."

బావగారు నా వైపు ఒక చూపు చూసి, మళ్లీ అటు తిరిగారు. "అక్కడ మీరు... కోశారు."

"కోశాను." టీచరమ్మ ముఖం విప్పారింది. "ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. వాగు పక్కన, తెల్లగా మెరుస్తూ. నేను చూడగానే గుండె ఆగినంత పనైంది. వదిలి రాబుద్ధి కాలేదు. మా నాన్నగారి కత్తి ఉండేది, దాంతో అడుగు నుంచి నెమ్మదిగా కోశాను. పళ్లు విరక్కూడదు కదా, అదీ కష్టం."

"పళ్లు విరక్కూడదు," అని బావగారు రాసుకున్నారు. "అదొక్కటేనా?"

"భలేవాడివే. ఆ ఒక్క యేడే ముప్ఫై ఎనిమిది కోశాను."

నేను అడ్డుపడబోయాను. "టీచరమ్మగారూ, ఈయన అనుకుంటున్నదేమిటంటే..."

"మధ్యలో మాట్లాడకమ్మా. ఆయన అడుగుతున్నాడు, నేను చెబుతున్నాను. ఇవన్నీ అడిగేవాళ్లే లేరు ఈ రోజుల్లో."

"మిగతా ముప్ఫై ఏడూ ఏమయ్యాయి?" అన్నారు బావగారు, నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పుతూ.

"మంచివి మీ హెర్బేరియంకి ఇచ్చాను. కొన్ని పాడైతే పెరట్లో పూడ్చేశాను. లేతవి వండుకుని తిన్నాం."

"తిన్నాం అంటే... ఎవరెవరు?"

"నేనూ మా హెడ్మిస్ట్రెస్సూ. ఓసారి బడి పిల్లలకి కూడా పెట్టాను. ఒక్కడూ వంక పెట్టలేదు. పులుసు పెడితే ఆ రుచే వేరు. ఉండండి, లోపల కొంచెం వేయించినవి ఉన్నాయి, రుచి చూద్దురుగాని."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. బావగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. తూనికల శాఖలో పనిచేసేటప్పుడు దొంగ తూకపు రాళ్ల వ్యాపారులు వెంటపడి తరిమినా బెదరని మనిషి, గుమ్మం ఎంత దూరమో చూపుతో కొలుస్తున్నారు.

"నేను తినను. నువ్వూ తినకు. మీ అక్కయ్యకి నా ముఖం చూపించాలి."

టీచరమ్మ తెచ్చిన పళ్లెంలోవి నేనే తిన్నాను. చాలా బాగున్నాయి. తింటూ, 4417 పోయిందనీ, అది దొరక్కపోతే తోపు పోతుందనీ చెప్పాను. అంతవరకూ మెరుస్తున్న ఆ ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. దగ్గరున్న సీసా మీద ఊడుతున్న చీటీని వేలితో అదిమింది.

"ఇరవై రెండేళ్లు నాకు అప్పుడు," అంది. "కాగితంలో చుట్టి ఇచ్చేస్తే ఇక భయం లేదనుకున్నాను. ఆఫీసు కదా, జాగ్రత్తగా చూస్తారనుకున్నాను."

నేను పళ్లెం కింద పెట్టేశాను.

గుమ్మం దాకా వచ్చాక బావగారు వెనక్కి తిరిగి, పక్కా నవల గొంతుతో అన్నారు, "రేపు పదకొండు గంటలకి డైరెక్టరుగారి గదికి రావాలి. పారిపోవాలని ప్రయత్నించవద్దు."

"తప్పకుండా వస్తాను నాయనా. నా మోకాళ్లతో పారిపోవడం ఎక్కడ," అందావిడ.

గురువారం పొద్దున్న డైరెక్టరుగారి గదిలో మేమంతా కూర్చున్నాం. క్యూరేటర్ మేడమ్ గోళ్లు కొరుక్కుంటోంది. నేను సంజాయిషీ కాగితం తెల్లదే పట్టుకుని కూర్చున్నాను. అటవీ అధికారి బల్ల మీద తోపు ఫైలు, దాని మీద పెన్ను. అసలు విషయం మొదలవకుండా డైరెక్టరుగారు ఆయనకి తన గాజు పెట్టె చూపిస్తున్నారు. నున్నటి చెక్క దిమ్మ మీద, కొమ్మలు కొమ్మలుగా, పసుపు తిరిగిన ఒక పగడం. కొత్తవాళ్లెవరొచ్చినా ముందు ఆ పగడం కథ వినాల్సిందే. ఏదో దేశంలో సదస్సుకి వెళ్లినప్పుడు ఆయన స్వయంగా సముద్రంలో మునిగి తెచ్చారట.

"ముప్ఫై అడుగుల లోతు. ఊపిరి బిగబట్టి," అంటూ పెట్టె పైమూత తీశారు. "ముట్టుకోకండి, చూడండి అంతే. సరే, ఇక పుట్టగొడుగు సంగతి. మా రికార్డు కీపరు నిర్లక్ష్యం వల్ల అది పోయింది. ఈమె మీద చర్య తీసుకుంటాం. మీ పని మీరు కానివ్వండి."

అధికారి పెన్ను తీసుకున్నాడు. అప్పుడే అటెండరు టీ ట్రేతో లోపలికొచ్చాడు. అతని వెనకే మా బావగారు, ఆయన చెయ్యి ఆసరాగా పట్టుకుని టీచరమ్మ వచ్చారు. హంతకురాలిని పట్టుకొచ్చానని ఆయన అనుకుంటున్నారు. మర్యాద తెలిసిన మనిషి మెట్లెక్కించాడని ఆవిడ అనుకుంటోంది.

"ఎవరూ కదలకండి," అన్నారు బావగారు. "ఈ గదిలో ఒక హంతకురాలు ఉంది."

అందరూ నా వైపు చూశారు. మెమో నాకే కదా వచ్చింది.

"ముప్ఫై ఎనిమిది మంది. కత్తితో. పళ్లు విరగకుండా. కొందరిని పెరట్లో పూడ్చారు, కొందరిని..." ఆయన కళ్లు మూసుకున్నారు. "పులుసు పెట్టారు."

డైరెక్టరుగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. అధికారి పెన్ను గాల్లోనే ఉండిపోయింది. నవలల్లో ఇలాంటి చోట డిటెక్టివు మూడడుగులు వెనక్కి వేసి, చెయ్యి బారుగా చాపి, నేరస్తుడిని వేలెత్తి చూపిస్తాడు. బావగారు కొలత తప్పని మనిషి. సరిగ్గా మూడడుగులు వెనక్కి వేశారు. చెయ్యి సరిగ్గా బారెడు చాపారు. మోచెయ్యి టీ ట్రేకి తగిలింది, ట్రే గాజు పెట్టెకి తగిలింది, టీ ఆయన చొక్కా మీద పడింది, డైరెక్టరుగారి పగడం దిమ్మ మీది నుంచి ఊడి నేల మీద పడింది.

పడి, ఎగిరింది. మళ్లీ పడింది. ఇంకోసారి చిన్నగా ఎగిరి, టీ మడుగులో ఆగింది.

అటెండరు వంగి దాన్ని చూశాడు.

"పగడం రాయిలా ఉంటుంది కదా సార్," అన్నాడు అటవీ అధికారి. "బెండులా ఎగిరిందేమిటి?"

క్యూరేటర్ మేడమ్ అప్పటికే మోకాళ్ల మీద ఉంది. పట్టుచీర టీలో నానుతున్నా చూసుకోలేదు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుంది. తడిసిన చోట పసుపు పళ్లు మెత్తబడి కిందికి వాలుతున్నాయి.

"పుట్టగొడుగు వాసన," అంది. మళ్లీ వాసన చూసింది. "పుట్టగొడుగు."

తలకిందులు చేసింది. ఇన్నాళ్లూ దిమ్మకి ఆనుకుని ఉన్న వైపు, జిగురుతో అంటించిన చిన్న కాగితం. 4417. దాని కింద రెండు పంక్తులు గుండ్రటి అక్షరాలు.

టీచరమ్మ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది. "నా రాతే. 'ళ'కి తోక అంత పొడుగ్గా రాసేదాన్ని అప్పట్లో." పళ్ల మీద చూపుడు వేలితో, తాకీ తాకనట్టు నిమిరింది. "ఎంత పాతబడిపోయావే."

మేడమ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. డైరెక్టరుగారు రాకముందు, నేను కూడా ఉద్యోగంలో చేరకముందు, ఒక ఎగ్జిబిషన్ జరిగిందట. దానికోసం ఎవరో దిమ్మ మీద నిలబెట్టి, తర్వాత పొట్లంలో పెట్టడం మరిచిపోయి ఉంటారు. డైరెక్టరుగారికి గదితో పాటు అదీ వచ్చింది. కథ మాత్రం ఆయన సొంతం.

"అంటే... భద్రత దృష్ట్యా నేనే దీన్ని..." అని మొదలుపెట్టారాయన.

టీచరమ్మ ఆయన్ని నింపాదిగా చూసింది. "ఎంత లోతులో దొరికిందన్నావు నాయనా? తలుపు దగ్గర వినబడింది."

డైరెక్టరుగారు ఖాళీ గాజు పెట్టెకి మూత పెట్టారు.

"నాకు మోకాలి ఎత్తులోనే దొరికింది," అందావిడ.

అటవీ అధికారి నవ్వు ఆపుకోవడానికి ఫైలులో తలదూర్చాడు. తల ఎత్తినప్పుడు మాత్రం ముఖంలో నవ్వు లేదు. "ఈ ఫైలుకి జతపరిచిన మీ తనిఖీ కాగితాల మీద పదకొండేళ్లుగా అన్నీ విప్పి చూసినట్టు సంతకాలున్నాయి, ఎవరివండీ ఇవి?" అని అడిగాడు. తనది కాని సంతకాన్ని చూసినట్టు డైరెక్టరుగారు కిటికీ వైపు చూశారు. అధికారి నమూనానీ, కార్డునీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకున్నాడు. టీచరమ్మ చేత వాంగ్మూలం రాయించుకున్నాడు. తోపులో చెట్టు కొట్టరాదని ఫైలు మీద రాసి సంతకం పెట్టాడు.

నేను నా తెల్ల కాగితం మీద ఒకే పంక్తి రాశాను. 'నమూనా 4417 దొరికినది. దొరికిన చోటు, తమరి గది.' అందినట్టు సంతకం పెట్టమని డైరెక్టరుగారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చదివారు. ఒక్క పంక్తిని అంతసేపు చదివిన మనిషిని నేను చూడలేదు. చివరికి, పదకొండేళ్లలో మొదటిసారి, నిజంగా చూసినదానికి సంతకం పెట్టారు.

ఇంటికి వెళ్లేసరికి అక్కయ్య వరండాలో కూర్చుని ఉంది. బావగారు ఠీవిగా మెట్లెక్కారు.

"ఛేదించేశాను. అరవై రెండేళ్ల మిస్టరీ."

"ఎవరు చచ్చారుట?" అంది అక్కయ్య.

బావగారు ఆలోచించారు. దారి పొడుగునా నేను చెప్పింది ఇప్పుడిప్పుడే తలకెక్కుతున్నట్టుంది. "ఎవరూ చావలేదు."

"మరి చంపిందెవరు?"

"ఎవరూ చంపలేదు."

"మరి మీరు చేసిందేమిటండీ?"

ఆయన ముఖం చూస్తే నాకే జాలేసింది. "ఒక తోపెడు చెట్లని బతికించారక్కా," అన్నాను. "నా ఉద్యోగాన్ని కూడా."

అక్కయ్య నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోయింది.

"తెలిసే చేశారా?"

"తెలిసి చేస్తే అందులో గొప్పేముంది?" అన్నారు బావగారు.

"ఆ చొక్కా విప్పండి ముందు. ఆ టీ మరక ఇక వదలదు," అంది అక్కయ్య. అని, ఆయన బొత్తాలు తీస్తుండగా పక్కకి తిరిగి నవ్వుకుంది.